ముందు నీ గది నిశ్శబ్దం పంపు

అమ్మలూ,

నువ్వు పంపిన పాట మూడుసార్లు విన్నాను. ఫోన్‌లో తీసిందని తెలుస్తూనే ఉంది. అయినా రెండో చరణంలో పై స్థాయికి వెళ్ళినప్పుడు నీ గొంతు వణక్కుండా నిలబడిన తీరుకి ఒళ్ళు పులకరించింది. ఆ గొంతు ఉన్నదున్నట్టు రికార్డ్ కావాలి. అందుకే నువ్వు రాసిన ఏడు ఆడియో ఇంటర్‌ఫేస్‌ల జాబితాకి ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా, తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. ఆ ఏడింటిలో ఏది కొన్నా పాట వినేవాళ్ళకి తేడా తెలియదు. రాత్రుళ్ళు కూర్చుని రివ్యూలు చదువుతున్నావని మీ అమ్మ చెప్పింది. అంత టెన్షన్ పడకు. మైక్ నుంచి వచ్చే సన్నటి కరెంటుని పెంచడం, దాన్ని అంకెలుగా మార్చి యూఎస్‌బీ తీగ మీద కంప్యూటర్‌కి పంపడం, అక్కణ్ణుంచి తిరిగొచ్చిన అంకెల్ని మళ్ళీ శబ్దం చేసి హెడ్‌ఫోన్స్‌కి ఇవ్వడం: ఇంటర్‌ఫేస్ పని ఇంతే. పేరున్న కంపెనీల చవక మోడల్స్ కూడా ఇవాళ ఈ పని శుభ్రంగా చేస్తున్నాయి. రివ్యూల్లో కొలిచి చూపించే తేడాలు నీ గదిలో తిరిగే ఫ్యాన్ చప్పుడు ముందు లెక్కలోకి రావు. కాబట్టి ఏది బాగా పలుకుతుందన్న ప్రశ్న వదిలెయ్. ఒకేసారి ఎన్ని మైకులు పెట్టాలి, ఇది నా కంప్యూటర్‌తో ఎన్నేళ్ళు సఖ్యంగా ఉంటుంది, ఈ రెండూ అడుగు.

చాలామంది ముందు గిటార్ ఒక ట్రాక్‌లో వాయించుకుని, తరవాత అది వింటూ పాడతారు. అలాగైతే ఒక్క మైక్ ఇన్‌పుట్ చాలు. నీ సంగతి వేరు, గిటార్ వాయిస్తూనే పాడతావు. నీ చెయ్యి నీ గొంతుని అనుసరిస్తుంది. పల్లవి చివర నువ్వు కాస్త ఆగితే గిటారూ ఆగుతుంది. విడివిడిగా తీస్తే ఆ ఊపిరి పోతుంది. అందుకని రెండు మైకులు పట్టేది తీసుకో. నీ జాబితాలో మొదట రాసిన ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, దాని పక్కన 2ఐ2 చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ సోలోలో మైక్‌కి చోటు ఒక్కటే, రెండో ఇన్‌పుట్ గిటార్ కేబుల్ లాంటి వాటికి. నీ గిటార్‌కి పికప్, అంటే తీగల శబ్దాన్ని కేబుల్‌లోకి పంపే పరికరం, లేదు కదా, ఆ రెండోది నీకు అక్కరకు రాదు. 2ఐ2లో రెండు చోట్లా మైక్ పెట్టుకోవచ్చు. బెరింజర్‌లో యూఎంసీ22 వద్దు, అందులోనూ మైక్‌కి ఒక్కటే చోటు. యూఎంసీ202హెచ్‌డీలో రెండున్నాయి, 24 బిట్ రికార్డింగ్ ఉంది. డబ్బు చాలా బిగువుగా ఉంటే నిశ్చింతగా అదే తీసుకో. ఆడియంట్ ఈవో 4లో ఒక సదుపాయం నాకు బాగా నచ్చింది: బటన్ నొక్కి కాసేపు పాడితే లెవెల్ అదే సరిచేసి పెడుతుంది. ఒంటరిగా రికార్డ్ చేసుకునేవాళ్ళకి అది నిజంగా మేలు. మోటూ ఎం2కి ముందువైపు చిన్న తెర ఉంటుంది, లెవెల్స్ కంటికి కనబడతాయి. ఎప్పుడో నలుగురు కలిసి వాయిస్తారేమోనని ఎనిమిది ఇన్‌పుట్లున్నది మాత్రం ఇప్పుడే కొనకు. ఆ రోజు వచ్చినప్పుడు చూసుకుందాం.

సెకనుకి శబ్దాన్ని ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పడానికి 192 కిలోహెర్ట్జ్ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకు. 24 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెప్పే అంకె), 48 కిలోహెర్ట్జ్ పెట్టుకో, నీ పాటకి అది పూర్తిగా సరిపోతుంది. అలా తీసిన ఒక మోనో ట్రాక్ నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ అవుతుంది. 192కి వెళ్తే ఫైలు నాలుగింతలవుతుంది, వినడానికి కలిసొచ్చేది ఏమీ ఉండదు.

ఇక డ్రైవర్, అంటే కంప్యూటర్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య మాట కలిపే చిన్న సాఫ్ట్‌వేర్. రివ్యూల్లో దీనికి రెండు వాక్యాలు కూడా కేటాయించరు, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకో చెబుతాను. ఒకప్పుడు నా దగ్గర మంచి ఇంటర్‌ఫేస్ ఉండేది. నాలుగేళ్ళు ఏ పేచీ లేకుండా పనిచేసింది. ఒక శనివారం నా స్నేహితుడు వయొలిన్ తీసుకుని వచ్చాడు, వాళ్ళ నాన్నగారు కట్టిన వర్ణం రికార్డ్ చేద్దామని. ముందురోజు రాత్రే నా కంప్యూటర్ అప్‌డేట్ అయింది. కేబుల్ పెట్టాను. ఇంటర్‌ఫేస్ మీద దీపాలన్నీ వెలుగుతున్నాయి, కంప్యూటర్‌కి మాత్రం అది కనబడలేదు. మూడు గంటలు తంటాలు పడ్డాక తెలిసింది, ఆ కంపెనీ ఆ మోడల్‌కి కొత్త డ్రైవర్ చెయ్యడం మానేసిందని. వయొలిన్ పెట్టె మూసుకుని అతను వెళ్ళిపోయాడు. వస్తువు చెడిపోలేదు, ఇప్పటికీ బీరువాలో ఉంది. కానీ దానితో మాట్లాడే కంప్యూటర్ నా దగ్గర లేదు.

అందుకని కొనేముందు ఆ కంపెనీ సైట్‌లో డ్రైవర్లు పెట్టే పేజీ తెరిచి చూడు. చివరి డ్రైవర్ ఏ తేదీన వచ్చింది, ఏడెనిమిదేళ్ళ నాటి మోడల్స్‌కి కూడా ఇంకా ఇస్తున్నారా లేదా? ఆ పేజీ చూస్తే కంపెనీ మనసు తెలిసిపోతుంది. మ్యాక్‌కి, ఐప్యాడ్‌కి ఈ బాధ తక్కువ. 'క్లాస్ కంప్లయంట్' అని రాసి ఉంటే డ్రైవర్ లేకుండానే పనిచేస్తుంది. నీది విండోస్ ల్యాప్‌టాప్ కాబట్టి కంపెనీవాళ్ళు సొంతంగా చేసిన ఆసియో డ్రైవర్ (విండోస్‌లో ఆలస్యం తక్కువగా ఉండేలా శబ్దాన్ని నడిపే రకం) ఉందో లేదో తప్పకుండా చూడాలి. ఆసియో4ఆల్ అని అన్నిటికీ పనికొచ్చేది ఒకటి ఉచితంగా దొరుకుతుంది కానీ, దాన్ని ఆపద్ధర్మానికి వాడుకోవాలి, దాన్నే నమ్ముకుని కొనకూడదు.

డ్రైవర్ మంచిది కాకపోతే నీకు మొదట తెలిసేది లేటెన్సీ. నువ్వు పాడిన మాట కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరిగి నీ చెవిలో పడేసరికి అయ్యే ఆలస్యం అది. కంప్యూటర్ శబ్దాన్ని బొట్లుబొట్లుగా కాదు, గిన్నె నిండాక ఒక్కసారి తీసుకుంటుంది. ఆ గిన్నెనే బఫర్ అంటారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ళ (ఒక్కో కొలత ఒక శాంపిల్) బఫర్ నిండటానికి సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది. రావడానికీ పోవడానికీ కలిపితే రెట్టింపుకి పైనే. గిటార్ వాయించేవాళ్ళు దాన్ని సర్దుకుంటారు. పాడేవాళ్ళకి కష్టం, ఎందుకంటే మన గొంతు మనకి ఎముకల గుండా అప్పటికే వినబడిపోయి ఉంటుంది. అదే గొంతు కాస్త ఆగి హెడ్‌ఫోన్స్‌లో వచ్చేసరికి బోలుగా తోస్తుంది, తెలియకుండానే శ్రుతి జారుతుంది. అందుకని పాడేటప్పుడు బఫర్ 64కో 128కో తగ్గించు. మిక్స్ చేసేటప్పుడు 1024కి పెంచేయ్, అప్పుడు ఆలస్యంతో పనిలేదు. ఇంకా సులువైన దారి డైరెక్ట్ మానిటర్. ఆ స్విచ్ వేస్తే నీ గొంతు కంప్యూటర్ దాకా వెళ్ళకుండా ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా చెవిలోకి వస్తుంది. అయితే సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్‌ని వినిపించే మానిటరింగ్ ఆపెయ్యాలి. లేకపోతే గొంతు రెండుసార్లు వినబడుతుంది.

గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలన్నది) పెట్టడం దగ్గర చాలామంది తొందరపడతారు. మామూలు గొంతుతో "హలో, హలో" అని చూసుకుని నాబ్ వదిలేస్తారు. అసలు పాట మొదలయ్యాక గొంతు రెండింతలవుతుంది. నువ్వు ఇలా చెయ్యి. నిలబడి పాడేచోటే నిలబడు. మైక్‌కి జానెడు దూరంలో ఉండి, ఆ రెండో చరణంలో పై స్థాయి ముక్క పూర్తి గొంతుతో పాడు. స్కార్లెట్‌లో నాబ్ చుట్టూ ఒక వలయం వెలుగుతుంది. ఆకుపచ్చగా ఉంటే మంచిది, నారింజ రంగులోకి మారితే హెచ్చరిక, ఎర్రగా మెరిస్తే ఆ ముక్క పాడైపోయినట్టే. కంప్యూటర్ మీటర్‌లో సున్నా అంటే పైకప్పు, దానికి తగిలిన శబ్దం చితికిపోతుంది, తరవాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచెయ్యలేదు. ఎంత గట్టిగా పాడినా మైనస్ 12 డెసిబెళ్ళు దాటకుండా పెట్టుకో. తక్కువగా రికార్డ్ అయిందని బెంగపడకు. 16 బిట్‌కి లెక్కప్రకారం 96 డెసిబెళ్ళ పరిధి, 24 బిట్‌కి 144. ఆ చోటంతా మనకి ఇచ్చింది ఇలా ఖాళీ వదులుకోవడానికే.

సాఫ్ట్‌వేర్ విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది: రీపర్ నేర్చుకో. 60 రోజులు ఏ పరిమితీ లేకుండా వాడి చూడమని వాళ్ళే ఇస్తారు, ఆ తరవాత సొంతానికి వాడుకునేవాళ్ళకి లైసెన్స్ చవకే. పాత ల్యాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. దాని వెనకున్న జస్టిన్ ఫ్రాంకెల్ అప్పట్లో కంప్యూటర్‌లో పాటలు వినే విన్‌యాంప్ తయారుచేసినవాడే. మొదటి వారం మెనూలు చూసి కంగారు పుడుతుంది. నీకు కావలసింది రికార్డ్ బటన్, లయ తప్పకుండా చెవిలో వినబడే క్లిక్, కత్తిరించడం, రెండు టేకుల్లో మంచి ముక్కలు కలపడం. ఇవి నాలుగు సాయంత్రాల్లో వచ్చేస్తాయి. ఆడాసిటీ 2000 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం. ఒక మాటనో కథనో రికార్డ్ చేసి శుభ్రం చేసుకోవడానికి దానికి మించింది అక్కర్లేదు, కానీ ట్రాక్ మీద ట్రాక్ పేర్చుకుంటూ పోవడానికి రీపర్ హాయి. ఎప్పుడైనా మ్యాక్‌కి మారితే గరాజ్‌బ్యాండ్ అందులోనే ఉచితంగా ఉంటుంది. ఇంటర్‌ఫేస్ డబ్బాలో కూడా ఏబుల్‌టన్ లైవ్ లైట్ లాంటివి ఇస్తుంటారు, చూడాలనిపిస్తే చూడు. ఏది ఎంచుకున్నా ఏడాదిపాటు మార్చకు. దొంగ కాపీల జోలికి మాత్రం వెళ్ళవద్దు తల్లీ. వాటితోపాటు వైరస్‌లు వస్తాయి, సగం పాట అయ్యాక ప్రాజెక్ట్ తెరుచుకోకపోతే ఎవరిని అడుగుతావు?

యూఎస్‌బీ మైక్ కొంటే ఇంటర్‌ఫేసే అక్కర్లేదు కదా అని మీ తమ్ముడు అన్నాడట. ఒక్క గొంతుకే అయితే వాడి మాట సబబే. నీకు రెండు మైకులు కావాలి, రెండు యూఎస్‌బీ మైకుల్ని ఒకే కంప్యూటర్‌లో కలిపి నడపడం పెద్ద తలనొప్పి.

ఇంటర్‌ఫేస్‌లో మిగిల్చిన డబ్బు మైక్‌కి, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్‌కి పెట్టు. చెవి మూయని రకం పెట్టుకుంటే క్లిక్ చప్పుడు బయటికొచ్చి నీ పాటలోకి దూరుతుంది. మైక్ దగ్గరే నాకు ఒక అనుమానం ఉంది. కండెన్సర్ మైక్ గొంతులో సన్నటి వివరాలన్నీ పట్టుకుంటుంది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇంటర్‌ఫేస్ నుంచే తీసుకుంటుంది. కానీ అది గదిని కూడా అంతే శ్రద్ధగా వింటుంది. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్‌ఎమ్58 లాంటి డైనమిక్ మైక్ దగ్గరగా పాడితే గొంతునే ఎక్కువగా పట్టుకుని, చుట్టూ ఉన్నదాన్ని చాలావరకు వదిలేస్తుంది. బోసిగోడల గదిలో ఖరీదైన కండెన్సర్ కన్నా అదే మంచి రికార్డింగ్ ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను.

అందుకని ఏమీ కొనకముందు ఒక పని చెయ్యి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, నువ్వు పాడే గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టు. వెనకాల గోడల నుంచి 'ట్రింగ్' అని మోగిందా? మోగితే బట్టల బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి నిలబడి మళ్ళీ కొట్టు. మైక్ ముందువైపు నుంచి వింటుంది కాబట్టి నీ వెనక మెత్తగా ఉండాలి. ఒక దుప్పటి కూడా వెనక వేలాడదీసి చూడు. తేడా నీకే వినబడుతుంది.

తరవాత ఫ్యాన్ ఆపేసి, కిటికీ మూసేసి, ఫోన్‌లోనే ఇరవై సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డ్ చెయ్యి. రాత్రి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఆ రెండు ఫైళ్ళూ, చప్పట్ల ఫైలూ నాకు పంపు. విన్నాక ఏ మైక్ కొనాలో చెబుతాను, ఇంటర్‌ఫేస్ అప్పుడే ఆర్డర్ పెడుదువుగాని.

మీ మావయ్య