పదేళ్లు తీసిన గేమ్ ఖర్చు రాబడుతుందా: లెక్క తప్పేది 60 డాలర్ల దగ్గరే

"బడ్జెట్ 10 కోట్ల డాలర్లు, గేమ్ 60 డాలర్లు, అంటే 16.7 లక్షల కాపీలు అమ్మితే చాలు కదా" అని ఒకరు అన్నారు. ఆ 60 మొత్తం స్టూడియో (గేమ్ తీసిన సంస్థ) చేతికి రాదు, తేడా అక్కడే.

1. స్టోర్ వాటా తీసేయండి. స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) అమ్మకాల్లో మొదటి కోటి డాలర్ల దాకా 30%, ఆపైన 25%, 5 కోట్లు దాటాక 20%. భద్రంగా 30% వేసుకుంటే మిగిలేది 42. కాపీలు దాదాపు 24 లక్షలు.

2. అందరూ వదిలేసేది ఇదే: కాపీలన్నీ పూర్తి ధరకు పోవు. సేల్‌లో సగం ధరకు అమ్మితే చేతికొచ్చేది 21. సగం కాపీలు అలా పోయాయనుకోండి, సగటు 31.5, లెక్క 32 లక్షలకు ఎక్కుతుంది. రీఫండ్లు, పన్నులు ఇంకా కలపలేదు.

3. ప్రచారం ఖర్చు ఆ 10 కోట్లలో ఉందో లేదో చూడండి.

ఏళ్లు పట్టినంత మాత్రాన మునిగినట్టు కాదు. 2012లో ప్రకటించిన సైబర్‌పంక్ 2077 గేమ్ వచ్చింది 2020 డిసెంబర్‌లో. ప్రీఆర్డర్లు 80 లక్షలు. వాటిలో డిజిటల్ వాటితోనే తయారీ, ప్రచారం ఖర్చు వచ్చేసిందని కంపెనీయే చెప్పింది (బగ్గుల గోల వేరే కథ).

ఏళ్లుగా తయారవుతున్న స్టార్ సిటిజన్ గేమ్‌ను మాత్రం ఈ లెక్కలో పెట్టకండి. అక్కడ 2012 నుంచి ఆటగాళ్లే ముందుగా డబ్బు కడుతున్నారు.