మాంట్రియాల్ సెయింట్ వియాటర్ బేగెల్ నిజంగా అంత గొప్పదా, ఉత్త హైపేనా?

మీ ప్రశ్న ఏంటంటే టొరంటో నుంచి లాంగ్ వీకెండ్‌కి మాంట్రియాల్ వెళ్తున్నారు, అందరూ అక్కడి సెయింట్ వియాటర్ అనే షాపులో బేగెల్ (మధ్యలో చిల్లుండే గుండ్రటి రొట్టె) తినకుండా రావద్దంటున్నారు, ఒక ఫ్రెండ్ మాత్రం "తియ్యటి రొట్టె, అంతే, దానికంత బిల్డప్ అనవసరం" అన్నాడు, ఎవరి మాట నమ్మాలి అని. ఇద్దరి మాటా నమ్మొచ్చండి. కాకపోతే ఆ ఫ్రెండ్ దాన్ని ఎప్పుడు తిన్నాడో ఓసారి అడగండి. డజను కొని డిక్కీలో పడేసి, 401 హైవే మీద ఐదారు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, మర్నాడు సాయంత్రం టీ టైమ్‌కి గుర్తొచ్చి మైక్రోవేవ్‌లో పెట్టుకుని తిని ఉంటాడు. బండి దగ్గర మిరపకాయ బజ్జీని పార్సెల్ కట్టించుకుని మర్నాడు తిని బాలేదన్నట్టు ఉంటుంది అది.

నేను మాంట్రియాల్‌లో కాంకార్డియా యూనివర్సిటీలో మాస్టర్స్ చేసేటప్పుడు, ఈ షాపు ఉన్న మైల్ ఎండ్ అనే పేటకి దగ్గర్లోనే నలుగురం కలిసి ఉండేవాళ్లం. పార్ట్ టైమ్ షిఫ్ట్ అయ్యి 55 నంబర్ బస్సులో వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది, ఇంట్లో వండుకునే ఓపిక ఎవడికీ ఉండేది కాదు, ఆ టైమ్‌లో లైట్లు వెలుగుతూ లోపల మనుషులు పని చేస్తూ కనపడేది ఈ షాపు ఒక్కటే, జనవరి చలిలో అయితే ఆకలి కోసం కాదు, ఆ ఓవెన్ వేడి కోసం లోపలికి దూరేవాళ్లం. కాబట్టి నా అభిప్రాయంలో కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

షాపు చూస్తే ఇదేనా అనిపిస్తుంది. ఇరుకు. కూర్చోడానికి కుర్చీ ఉండదు, ప్లేట్ ఉండదు. కౌంటర్ వెనకాలే పనంతా జరుగుతుంటుంది. పెద్ద పిండి ముద్ద బల్ల మీద పడేసి ఉంటుంది, అందులోంచి ఒక పట్టీ కోసి, పాములాగా పొడుగ్గా సాగదీసి, అరచేతి చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, రెండు కొసలూ బల్లకి అదిమి ఒక్క రుద్దు రుద్దితే రింగు తయారు. మనం డబ్బులు తీసేలోపు ఐదారు అయిపోతాయి. వాటిని తేనె కలిపిన నీళ్లలో మరిగించి, నువ్వుల్లో పొర్లించి, పొడుగాటి చెక్క మీద వరసగా పేర్చి కట్టెల ఓవెన్లోకి తోస్తారు. కాలాక అదే చెక్కతో బయటికి లాగి ఒక్క విదిలింపు విదిలిస్తే వరస మొత్తం గలగలా కింద తొట్లో పడుతుంది. గోడ పక్కన కట్టెలు పేర్చి ఉంటాయి, ఆ పొగ గురించి చుట్టుపక్కల వాళ్ల గొడవ కూడా ఏళ్ల నుంచి నడుస్తోంది. నడుస్తుంది మరి, మన వంటింట్లోకి రోజంతా పొగొస్తే మనం ఊరుకుంటామా.

ఇక తినే పద్ధతి. కౌంటర్ దగ్గర "ఇప్పుడు ఏది వేడిగా ఉంది" అని అడగండి, ఏ రకం అని కాదు. దాదాపు ఎప్పుడూ నువ్వులదే ఉంటుంది, ఎక్కువగా అమ్ముడయ్యేది అదే కాబట్టి అది ఆగకుండా వస్తూనే ఉంటుంది. ఒకటి తీసుకుని బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడి, ఏమీ రాయకుండా, తుంచుకుని తినండి. పైన పెళుసుగా విరుగుతుంది, లోపల సాగుతుంది, రెండువైపులా వేగిన నువ్వుల వాసన, అక్కడక్కడా కాస్త మాడిన చోట తేనె చేదుతీపి. జాకెట్ నిండా నువ్వులు రాలతాయి. అరగంట దాటితే ఆ పెళుసు పోతుంది, రెండు మూడు గంటలకి మామూలు బ్రెడ్డు, మర్నాటికి గట్టిపడుతుంది. దాని పేరంతా ఆ మొదటి అరగంటదే అని నా లెక్క.

క్యూ చూసి భయపడకండి, చకచకా కదులుతుంది, ఎందుకంటే అక్కడ ఎవరికీ శాండ్‌విచ్ చేసి ఇవ్వరు. మనవాళ్లు నిరాశపడేది ఇక్కడే. న్యూయార్క్ వీడియోలు చూసి అరచేతి కంటే పెద్ద బేగెల్, మధ్యలో బెత్తెడు క్రీమ్ చీజ్ ఊహించుకుని వెళ్తారు. మాంట్రియాల్ది వేరే జాతి, చిన్నది, సన్నది, చిల్లు పెద్దది, తీపి ఎక్కువ. క్రీమ్ చీజ్, స్మోక్డ్ సాల్మన్ (పొగబెట్టిన చేప) పక్కన ఫ్రిజ్‌లో ఉంటాయి, కొనుక్కుని మనమే రాసుకోవాలి. ప్లేట్లో పెట్టి కావాలంటే, పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే, మౌంట్ రాయల్ అవెన్యూలో వీళ్లదే కేఫ్ ఉంది, అక్కడికెళ్లండి.

ఇంకోటి, ఈ పిండిలో సాంప్రదాయంగా ఉప్పు వెయ్యరు. మన నాలుకకి చప్పగా తగిలేది అందుకే. ఇక్కడివాళ్లకి ఆ ఉప్పు సాల్మన్ నుంచి వస్తుంది, మా రూమ్‌లో వెల్లుల్లి కారం నుంచి వచ్చేది, క్రీమ్ చీజ్ రాసి పైన కారం చల్లితే ఉంటుంది చూడండీ, కెనడాలో నేను తిన్న బెస్ట్ టిఫిన్ అదే. కానీ ఈ స్టైల్ పిండిలో గుడ్డు కూడా పడుతుంది. గుడ్డు తినని అమ్మానాన్నలు వెంట ఉంటే ముందే చెప్పండి, "రొట్టే కదా" అని పెట్టేసి తర్వాత తిట్లు తినొద్దు.

దగ్గర్లోనే ఫెయిర్‌మౌంట్ అని ఇంకో పాత బేగెల్ షాపుంది, ఫెయిర్‌మౌంటా, సెయింట్ వియాటరా అనే గొడవ కూడా మీ చెవిన పడే ఉంటుంది. ఫెయిర్‌మౌంట్ వాళ్లు 1919 నుంచి లెక్క చెప్తారు, సెయింట్ వియాటర్‌ని నాజీ క్యాంపు నుంచి ప్రాణాలతో బయటపడి పోలండ్ నుంచి వచ్చిన మైయర్ లెవ్‌కోవిచ్ 1957లో పెట్టాడు. తర్వాత దాన్ని నడిపిన జో మొరీనా 1962లో కుర్రాడిగా అక్కడ పనికి కుదిరినవాడే. ఫెయిర్‌మౌంట్ వాళ్లకీ గొప్పలున్నాయి, వ్యోమగామి గ్రెగ్ షామిటాఫ్ 2008లో అంతరిక్ష కేంద్రానికి పద్దెనిమిది నువ్వుల బేగెల్స్ పట్టుకెళ్లాడు, అవి ఆ షాపువే, వాళ్లు ఆయనకి చుట్టాలు కూడా. రెండిటి మధ్యా నడిచివెళ్లే దూరమే, రెండు చోట్లా ఒక్కోటి తిని మీరే తేల్చుకోండి. నాకైతే ఫెయిర్‌మౌంట్‌ది పిసరంత తీపి ఎక్కువనిపిస్తుంది, కళ్లు మూసి పెడితే చెప్పగలనా అంటే డౌటే. ఏది వేడిగా దొరికితే అదే గెలుస్తుంది.

డౌన్‌టౌన్‌లో "మాంట్రియాల్ బేగెల్" అని బోర్డు పెట్టి చల్లారినవి టోస్ట్ చేసి ఇచ్చే కేఫ్‌లుంటాయి, ఒకచోట (పేరెందుకులెండి) నేను తిన్నది దవడ నొప్పి పుట్టించింది. అక్కడ తిని ఊరి మీద తీర్పు ఇవ్వకండి. డౌన్‌టౌన్ నుంచి మెట్రోలో వచ్చి లొరియే స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే అసలు షాపే వస్తుంది. కార్లో వెళ్తే పార్కింగ్ బోర్డులు ఫ్రెంచ్‌లో, ఒకే స్తంభానికి మూడు నాలుగు ఉంటాయి, ఓపిగ్గా చదివాకే దిగండి.

ఇంటికి పట్టుకెళ్లాలంటే వేడి తగ్గాక అడ్డంగా కోసి, చేరిన రాత్రే ఫ్రీజర్లో పెట్టేయండి, కావాల్సినప్పుడు గడ్డకట్టింది గడ్డకట్టినట్టే టోస్టర్‌లో వెయ్యండి. మైక్రోవేవ్ వద్దు. అటునుంచి అటే ఇండియా వెళ్తూ చుట్టాలకి తీసుకెళ్దామనుకుంటే నువ్వులవి మాత్రమే తీసుకోండి, దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలది అస్సలు పెట్టుకోకండి, యూఏఈలో గసగసాలు నిషేధం.