ఠాణా గడప తొక్కడానికి జంకు ఎందుకు? సరిహద్దు తాలూకాల పాఠకులకు జవాబులు

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో గోదావరి ఒడ్డున ఉన్న ఒక పల్లె. ఇళ్ళలో తెలుగు మాట్లాడుకుంటాము, పిల్లలు మరాఠీ బడిలో చదువుకుంటారు, ఠాణాలో వ్యవహారమంతా మరాఠీలో నడుస్తుంది. మా పొదుపు సంఘమైన బచత్ గట్‌లోని ఒక అక్కను భర్త కొట్టినప్పుడు ఆమె ఠాణా వాకిలి దాకా వెళ్ళి, తాను చెప్పేది ఒకటి, వాళ్ళు రాసుకునేది మరొకటి అవుతుందేమోనన్న భయంతో తిరిగి వచ్చేసింది. పోలీసులు ఊళ్ళో వాలీబాల్ పోటీలు, వైద్య శిబిరాలు పెడుతున్నారు, జనం కూడా వెళ్తున్నారు, కానీ ఆ జంకు మాత్రం పోవడం లేదు. మాకూ పోలీసులకూ మధ్య నమ్మకం కుదరాలంటే ఎవరు ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, సిరోంచ తాలూకా

జవాబు: ముందుగా వాకిలి దాకా వెళ్ళి తిరిగి వచ్చిన ఆ అక్క గురించి మాట్లాడుకుందాము, ఎందుకంటే మీ ప్రశ్నకు మూలం అక్కడే ఉంది. తన గోడు తనకు రాని భాషలో కాగితం మీదికి ఎక్కుతుంటే, అందులో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేయడానికి ఎవరైనా వెనకాడుతారు. చట్టం ఈ భయానికి మందు ముందే రాసి ఉంచింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న, నేరాల దర్యాప్తు, విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా కేసు కట్టదగిన నేరాన్ని నోటిమాటగా చెప్పినప్పుడు ఠాణా అధికారి దానిని రాయించి, చెప్పినవారికి చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని పైసా తీసుకోకుండా ఇవ్వాలి. అర్థం కాని భాషలో చదివితే వినిపించినట్లు కాదని నా దృఢమైన అభిప్రాయం. కనుక మరాఠీ చదవగలిగిన మనిషి ఒకరు ఆమె వెంట వెళ్ళి, రాసిన ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పిన తరువాతనే ఆమె సంతకం పెట్టాలి. రాతలో ఇవ్వదలచుకుంటే తెలుగులోనే రాసి ఇవ్వవచ్చు, ఎందుకంటే తన కష్టం తీర్చమని ఏ అధికారికైనా పెట్టుకునే వినతిని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కును రాజ్యాంగం 350వ అధికరణ ప్రతి ఒక్కరికీ కల్పించింది. సాక్షిగా వాంగ్మూలం ఇవ్వడానికి స్త్రీని ఆమె నివాసానికి కాక మరో చోటికి రమ్మని బలవంతపెట్టే అధికారం పోలీసులకు లేదని అదే సంహితలోని 179వ సెక్షన్ చెబుతోంది. భర్త పెట్టే క్రూర హింస, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద నేరం, అందుచేత ఇది ఇంటి గొడవ, మాకు సంబంధం లేదని అనడానికి వీలు లేదు.

ఇక నమ్మకం సంగతి. వాలీబాల్ పోటీలను నేను చిన్నచూపు చూడను. తుపాకులతో తిరిగే పోలీసులను మాత్రమే చూసి పెరిగిన పిల్లలకు వాళ్ళతో కలిసి ఆడటం పెద్ద మార్పే. అయితే ఊరు తీర్పు చెప్పేది ఆటను చూసి కాదు, ఆ తరువాత ఠాణాకు వెళ్ళిన మొదటి ఫిర్యాదు ఏమైందో చూసి. ఫిర్యాదు ఇచ్చిన మనిషి నెలల తరబడి ఏ కబురూ అందక ఎదురుచూస్తే ఆ సంగతి చుట్టుపక్కల పల్లెలన్నింటికీ పాకుతుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపల ఫిర్యాదిదారుకు గానీ బాధితులకు గానీ తెలియజేయాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ ఇప్పుడు నిర్దేశిస్తోంది. ఒక కానిస్టేబుల్ ఇంటికి వచ్చి “అమ్మా, కేసు ఇక్కడిదాకా వచ్చింది” అని తెలుగులో చెప్పి వెళ్ళడం వల్ల పెరిగే నమ్మకం పది శిబిరాల వల్ల పెరగదు.

మీ జిల్లా పోలీసులు ఠాణాలలోనూ ఉపఠాణాలలోనూ నడుపుతున్న ‘దాదాలోరా ఖిడ్కీ’ మీకు తెలిసే ఉంటుంది. కుల ధ్రువపత్రం, ఆధార్, ప్రభుత్వ పథకాల దరఖాస్తులు వంటి పనులకు తాలూకా కేంద్రం చుట్టూ తిరగలేని మారుమూల పల్లెలవారికి అది నిజంగా ఆసరా. దాని విషయంలో నాకు ఒక్క పట్టింపు ఉంది. కాగితం పని మీద వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ఊళ్ళోకి ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు అని అడగకూడదు. దశాబ్దాల పాటు మావోయిస్టులకూ పోలీసులకూ నడుమ నలిగిన ప్రాంతమిది. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడితే ప్రాణం మీదికి వచ్చిన కాలాన్ని అక్కడివారు ఇంకా మరచిపోలేదు. సేవకూ సమాచార సేకరణకూ మధ్య గీత చెరిగితే మంచి పని కూడా అనుమానాల పాలవుతుంది. అందుకే పోలీసులతో మాటలు ఏవైనా గ్రామ పంచాయతీ ముందు, అందరూ చూస్తుండగా జరగాలని మీరే పట్టుబట్టండి.

ఇలాంటి బహిరంగ సంబంధం ఏం సాధించగలదో చెప్పడానికి ముంబయి పక్కనున్న భివండీని మించిన ఉదాహరణ నాకు తోచదు. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన మన పద్మశాలీలు ఎందరో మరమగ్గాల మీద బతుకుతున్న ఊరు అది. 1984లో అక్కడ ఘోరమైన మతకల్లోలం జరిగింది. 1988లో అక్కడికి డిప్యూటీ కమిషనర్‌గా వచ్చిన సురేష్ ఖోపడే మొహల్లా కమిటీలను మొదలుపెట్టారు. హిందువులనూ ముస్లింలనూ ఒకే కమిటీలో కూర్చోబెట్టి, ఆ పేటను చూసే పోలీసును వారికి జతచేశారు. వారు తరచుగా కలిసి పేటలోని చిన్న చిన్న తగవులను మాట్లాడుకునేవారు. 1992 డిసెంబరులోనూ 1993 జనవరిలోనూ పక్కనే ముంబయి తగలబడుతుంటే భివండీ ప్రశాంతంగా నిలిచింది. గొడవ లేని రోజుల్లో కుదిరిన పరిచయమే గొడవ రోజున అక్కరకు వచ్చిందని నేను నమ్ముతాను.

మీ ఊరికి ఇందుకు కావలసిన మనుషులు ఇప్పటికే ఉన్నారు. 1967 నాటి మహారాష్ట్ర గ్రామ పోలీసు చట్టం కింద నియమితులయ్యే, ఊరికీ పోలీసులకూ మధ్య వారధిగా ఉండే పోలీస్ పాటిల్ గ్రామస్థుడే అయి ఉంటాడు. మీ వైపు పల్లెల్లో సాధారణంగా తెలుగు, మరాఠీ రెండూ తెలిసినవాడే అవుతాడు. ఆయన ద్వారా మీ ఊరిని చూసే పోలీసు అయిన బీట్ అమల్దార్‌ను నెలకొకసారి బచత్ గట్ సమావేశానికి పిలవండి. మొదటి రెండు మూడుసార్లు ఎవరూ నోరు విప్పకపోవచ్చు, పిలవడం మానకండి. పోలీసుల వైపు నుంచి నేను కోరేవి రెండు. తెలుగు వచ్చిన సిబ్బందిని, ముఖ్యంగా మహిళా సిబ్బందిని, ఫిర్యాదులు తీసుకునే చోట కూర్చోబెట్టాలి. ఠాణా అధికారి అయిన ఠాణేదార్‌ను ఊరి ముఖాలు గుర్తుపట్టకముందే బదిలీ చేయకూడదు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఠాణా అధికారులకు కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలని ఆదేశించింది కూడా.

ప్రశ్న: మా ఊళ్ళో తగవులను రాజీ చేసే తంటాముక్తి సమితి ఉంది. ఏ తగవు వచ్చినా ఠాణాకు వెళ్తే ఊరి పరువు పోతుందని పెద్దలు అంటారు. ఇది ఎంతవరకు సరైనది?
— ఒక పాఠకుడు, రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా

జవాబు: 2007 ఆగస్టు 15న మహారాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన మహాత్మా గాంధీ తంటాముక్త గావ్ మోహిమ్ (తగవులు లేని ఊరి ఉద్యమం) ఉద్దేశం మంచిది. గట్టు తగాదా, చేబదులు, పశువులు చేనులో పడటం వంటివి ఊళ్ళోనే తీరితే ఇరువైపులా డబ్బూ కాలమూ మిగులుతాయి, పోలీసులకు అసలైన నేరాల మీద దృష్టి పెట్టే వీలు చిక్కుతుంది. కానీ చట్టం రాజీకి ఒప్పుకోని నేరాలను సమితి ముట్టుకోకూడదు. అత్యాచారం, వరకట్న వేధింపు, పిల్లల మీద లైంగిక దాడి వంటివాటిని పరువు పేరుతో మూసిపెట్టడం మరో అన్యాయం. పిల్లల విషయంలోనైతే, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. సమితి పెద్దలకు కూడా దీని నుంచి మినహాయింపు లేదు. చిన్న తగవుల్లో సైతం రాజీకి కూర్చున్నప్పుడు బలహీనుడు మనసారా ఒప్పుకున్నాడా, పెద్దల ముఖం చూసి తల ఊపాడా అన్నది గమనించండి. “నాకు ఈ తీర్పు వద్దు, ఠాణాకు వెళ్తాను” అన్నవాడిని ఊరు వెలివేయకుండా ఉంటేనే ఆ సమితి మీదా, దానిని ప్రోత్సహించే పోలీసుల మీదా గౌరవం నిలుస్తుంది.

ప్రశ్న: ఆదిలాబాద్ నుంచి వస్తుండగా బస్సులో మా అమ్మ నగలు పోయాయి. ఇక్కడి ఠాణాలో “అది తెలంగాణలో జరిగింది, అక్కడికే వెళ్ళండి” అన్నారు. అక్కడికి వెళ్తే వాళ్ళు ఇటు పొమ్మన్నారు.
— ఒక పాఠకుడు, కిన్వట్, నాందేడ్ జిల్లా

జవాబు: రెండు రాష్ట్రాల మధ్య బతికేవారికి ఇంతకంటే మనసు విరిచే మాట ఉండదు, పైగా అది చట్టానికి విరుద్ధం. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చునని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. దీనినే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. కేసు కట్టదగిన నేరమని ఫిర్యాదులోనే కనిపిస్తున్నప్పుడు ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మళ్ళీ నిరాకరిస్తే ఫిర్యాదు సారాంశాన్ని రాసి జిల్లా ఎస్‌పీకి తపాలాలో పంపండి. అక్కడా ఫలితం లేకపోతే ప్రమాణపత్రం జతచేసి మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అప్పుడు బస్సు టికెట్టు, నగల రసీదులు, ఎస్‌పీకి పంపిన ఫిర్యాదు నకలు, రిజిస్టర్డ్ తపాలా రసీదు అవసరమవుతాయి కనుక వాటిని ఇప్పటినుంచే ఒకచోట భద్రపరచండి.