ఆయనకు మాటలు రాక కాదు

ప్రశ్న: పెళ్లయి ఆరేళ్లు. ఇద్దరం ఉద్యోగాలే, హైదరాబాద్‌లో ఉంటాం. ఆఫీసు నుంచి వచ్చాక మా ఆయన్ని ఏది అడిగినా ‘ఏం లేదు’ అంటారు. ఫ్రెండ్ ఫోనొస్తే మాత్రం బాల్కనీలో గంటసేపు కబుర్లే. మొదట్లో నాకు అన్నీ చెప్పేవారు. మూడేళ్ల క్రితం ఆఫీసులో కొందరిని తీసేస్తున్నారని, టెన్షన్‌గా ఉందని చెప్పారు. మా అమ్మకు నేను ఏదీ దాచను, ఆ సంగతీ చెప్పాను. మర్నాడు నాన్న ఫోన్ చేసి ‘డబ్బుకు మొహమాటపడకండి అల్లుడుగారూ’ అన్నారు. మంచికే కదా! ఆడవాళ్లు రోజుకు 20 వేల మాటలు, మగవాళ్లు 7 వేలే మాట్లాడతారట. మగవాళ్ల మెదడే అంతా? నేనెలా సర్దుకోవాలి?

జవాబు: ఆ 20 వేలు, 7 వేల లెక్క వదిలేయండి. అమెరికా, మెక్సికోలలో 396 మంది కాలేజీ విద్యార్థుల దగ్గర చిన్న రికార్డర్లు పెట్టి చూసిన పరిశోధన 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆడా మగా ఇద్దరూ రోజుకు దాదాపు 16 వేల మాటలే మాట్లాడతారని అంచనా కట్టారు. అయినా మీకు పరిశోధనలెందుకు? బాల్కనీ సంగతి మీరే రాశారుగా.

‘మంచికే కదా’ అని మీరు తేల్చేసిన చోటే ఉంది అసలు గొడవ. భయమేస్తోందని మగపిల్లాడు అనకూడదని మన ఇళ్లలో చిన్నప్పుడే నూరిపోస్తాం. అలా పెరిగినాయన మీ దగ్గర నోరు విప్పారు. తెల్లారేసరికి ఆ భయం మామగారి నోట విన్నారు. మీ నాన్నగారిది మంచి మనసే, కాదనను. కానీ అల్లుడికి అది సాయంలా వినపడదు, తల కొట్టేసినట్టుంటుంది. మీరు రాత్రి ఏడుస్తూ చెప్పుకున్న సంగతి ఆయన వాళ్లమ్మకు చేరవేసి, పొద్దున్నే అత్తగారు ఫోన్ చేసి మిమ్మల్ని ఓదారిస్తే ఊరుకునేవారా?

మీ కష్టసుఖాలు అమ్మకు చెప్పుకోండి. కొట్టడం, తాగుడు, తెలియకుండా అప్పులు చేయడం లాంటివుంటే తప్పకుండా చెప్పాలి. ఆయన మిమ్మల్ని నమ్మి చెప్పుకున్నది మాత్రం పుట్టింటికి చేర్చే హక్కు మీకు లేదు. ఈ విషయంలో నేను పాతకాలం మనిషిననుకున్నా సరే.

ఆయన్నీ వెనకేసుకురాను. ‘మీ ఇంట్లో చెప్పడం నాకు నచ్చలేదు’ అని ఆ రోజే అనేస్తే పోయేదానికి మూడేళ్లు మూతి బిగించుకోవడమేమిటి? అలకలు ఆడవాళ్ల సొత్తని ఎవరన్నారో గానీ!

ఇక ‘ఎందుకు మాట్లాడరు’ అని నిలదీయడం మానండి. ఆ ఫోన్ ప్రస్తావన మీరే తెండి. ‘ఆ సంగతి అమ్మకు చెప్పడం నా తప్పే, ఇకమీదట చెప్పను’ అని ఊరుకోండి. వెనకాల ‘కానీ’ తగిలించకండి. మర్నాటికే ఆయన అన్నీ చెప్పేస్తారని ఆశపడొద్దు. మూడేళ్ల నుంచి లేని నమ్మకం, మీరు మాట నిలబెట్టుకోవడం చూశాకే వస్తుంది.

ఈలోగా అమ్మగారు ‘అల్లుడుగారి ఆఫీసు ఎలా ఉంది?’ అని ఆరా తీస్తారు. ‘ఆ సంగతులు నన్నడక్కమ్మా’ అనండి. ఆవిడ నొచ్చుకుంటారు, నాలుగు రోజులు ముభావంగా ఉంటారు. ఉండనివ్వండి.