కోస్టారికాలో మీరు ఫోటో తీసిన టూకాన్ ఏ రకం?

కోస్టారికా అడవిలో కనిపించిన పెద్ద ముక్కు పక్షి టోకో టూకానేనా అని అడిగారు కదా, కాదండీ. టోకోకి గొంతు తెల్లగా, ముక్కు నారింజ రంగులో ఉండి కొన దగ్గర పెద్ద నల్లమచ్చ ఉంటుంది, పైగా అది దక్షిణ అమెరికా పక్షి, బ్రెజిల్‌లోని పాంటనాల్ చిత్తడి నేలల లాంటి చెట్లు పలచగా ఉండే చోట తిరుగుతుంది. మీది కీల్-బిల్డ్ టూకాన్. ఫోటో జూమ్ చేసి ముక్కు చూడండి: ఆకుపచ్చ మీద నారింజ పట్టీ, కొన ముదురు ఎరుపు. గొంతూ ఛాతీ పసుపు, కాళ్లు నీలం. ఎంత అందమో! అంత పెద్ద ముక్కయినా లోపల స్పాంజిలా డొల్లగా ఉంటుంది కాబట్టి బరువుండదు. మెక్సికో దక్షిణం నుంచి కొలంబియా, వెనిజులా దాకా తడి అడవుల్లో, ఎత్తైన కొమ్మల మీద చిన్న గుంపులుగా ఉంటాయి, గుడ్లు చెట్టు తొర్రలో పెడతాయి. అక్కడే తిరిగే పసుపు గొంతు టూకాన్‌తో పొరబడకండి, దాని ముక్కు కిందిసగం ముదురు గోధుమ రంగు.