బేస్ బరువు ఎటు పోయింది?

డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే గొడవ చుట్టూ తిరిగాయి: పేరొచ్చాక ఆ సంగీతం చెడిందా, ఎదిగిందా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: డబ్‌స్టెప్ అంటే నాకు తెలిసింది ఇనుపరేకు చింపినట్టు అరిచే బేస్. మా మిత్రుడేమో అది డబ్‌స్టెప్పే కాదు, అసలుది నెమ్మదిగా, చీకటిగా ఉంటుంది, స్క్రిల్లెక్స్ అనే అమెరికన్ డీజే వచ్చి పాడుచేశాడు అంటాడు. ఎవరి మాట నిజం? (హైదరాబాద్)

జవాబు: పుట్టుక విషయంలో మీ మిత్రుడి మాట నిజం. పాడుచేసిన మనిషి విషయంలో మాత్రం కాదు.

ఈ సంగీతం పుట్టింది దక్షిణ లండన్‌లో, ముఖ్యంగా క్రొయిడన్‌లో. అక్కడి సరీ స్ట్రీట్‌లో బిగ్ ఆపిల్ రికార్డ్స్ అనే చిన్న రికార్డుల షాపు ఉండేది. డీజే హాచా ఆ షాపులో పనిచేసేవాడు. స్క్రీమ్, బెంగా అనే ఇద్దరు కుర్రాళ్లు, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, ఇంట్లో కంప్యూటర్ మీద చేసిన ట్రాకులు పట్టుకుని అక్కడికే వచ్చేవారు. యూకే గరాజ్ అనే డ్యాన్స్ సంగీతంలోంచి పాటలు పాడే గొంతులూ తళుకులూ తీసేసి, చీకటినీ బేస్‌నీ మిగిల్చుకుంటే వచ్చిందే ఇది. 2001లో మొదలైన ఫార్వర్డ్ అనే క్లబ్ రాత్రి తర్వాత షోర్‌డిచ్‌లోని ప్లాస్టిక్ పీపుల్‌కు మారింది. సుమారు 200 మంది పట్టే నేలమాళిగ అది. 2005లో మాలా, కోకి, లోఫా అనే డీజేలు బ్రిక్స్‌టన్‌లో ఒక చర్చి భవనంలో డీఎమ్‌జెడ్ అనే క్లబ్ రాత్రి మొదలుపెట్టారు. జమైకా నుంచి వలస వచ్చినవాళ్లు లండన్‌కు తెచ్చిన సౌండ్ సిస్టమ్ సంప్రదాయం (పెద్ద పెద్ద బాక్సులు పెట్టి జనానికి రికార్డులు వేయడం) దీని వెన్నెముక. జనం కేక వేస్తే డీజే రికార్డు వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచి వేసేవాడు. మన నాటకాల్లో పద్యానికి వన్స్‌మోర్ కొట్టినట్టే.

2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో వ్యాఖ్యాత మేరీ ఆన్ హాబ్స్ ఈ డీజేల్లో చాలామందిని ఒక కార్యక్రమంలో కూర్చోబెట్టింది. రెండు నెలలు తిరక్కుండా డీఎమ్‌జెడ్ మొదటి వార్షికోత్సవానికి వరస వీధిలోకి పాకి, అదే భవనంలో పైనున్న పెద్ద హాలుకు మారాల్సి వచ్చింది. 2007 చివర్లో కాస్పా, రస్కో అనే డీజేలు చేసిన ఫాబ్రిక్‌లైవ్ మిక్స్ సీడీతో గొంతు చించుకునే బేస్ ఇంకా చాలామందికి చేరింది. స్క్రిల్లెక్స్ స్కేరీ మాన్‌స్టర్స్ ఈపీ (చిన్న ఆల్బమ్) వచ్చింది 2010 అక్టోబర్‌లో. అంటే ఆ అరుపు లండన్‌లోనే, మూడేళ్ల ముందే మొదలైంది. స్క్రిల్లెక్స్ దాన్ని అమెరికా మైదానాలకు సరిపడా పెంచాడు. 2012 ఫిబ్రవరిలో మూడు గ్రామీలు వచ్చాక ప్రపంచానికి ఆ పెంచిన రూపమే అసలు రూపమైంది.

ప్రశ్న: చుట్టూ తిప్పడమెందుకు, డబ్బు కోసం మారిందని ఒప్పుకోవచ్చు కదా? (విజయవాడ)

జవాబు: డబ్బు ప్రమేయం లేదని అనం. 2011 జనవరిలో బ్రిట్నీ స్పియర్స్ పాట మధ్యలో డబ్‌స్టెప్ ముక్క వచ్చిందంటే అది సంత పిలుపే. కానీ డబ్బు ఒక్కటే కారణమైతే శబ్దం ఎటువైపైనా మారవచ్చు. కచ్చితంగా ఈ వైపే, అంటే అడుగు బేస్ నుంచి మధ్య స్వరాల అరుపు వైపే, ఎందుకు మారింది? దానికి జవాబు స్పీకర్లో ఉంది. మా వాదనంతా ఇదే.

పాత డబ్‌స్టెప్ ప్రాణం 40 నుంచి 55 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 45 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు సుమారు 7.6 మీటర్లు. దాన్ని మోయాలంటే పెద్ద బాక్సులు కావాలి. నేలమాళిగలో ఆ బాక్సులుండేవి, గోడలు బేస్‌ను పట్టి ఉంచేవి, వినేవాడికి అది చెవికంటే ముందు ఛాతీకి తగిలేది. అదే ట్రాకు ఫోన్‌లో వేయండి. చాలా ఫోన్ల స్పీకర్ 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మిగిలేది సన్నటి తాళాలు, ఎక్కడో ఒక స్నేర్ డ్రమ్ము దెబ్బ. 2008 తర్వాత ఈ సంగీతాన్ని కొత్తగా వింటున్న లక్షలమంది విన్నది ల్యాప్‌టాప్‌లో, యూట్యూబ్‌లో. 200 నుంచి 2,000 హెర్ట్జ్ దాకా పరుచుకున్న అరుపు బేస్ ఆ చిన్న స్పీకర్‌లో కూడా బతికింది. సబ్ బేస్, అంటే ఆ అడుగు బేస్, బతకలేదు. వినేవాళ్లు ఏది విన్నారో చేసేవాళ్లు అదే పెంచారు.

మైదానం సంగతీ అంతే. ఆరుబయట గోడల సాయం ఉండదు, కాబట్టి అడుగు బేస్‌ను వెనక వరసకు చేర్చడానికి చాలా ఎక్కువ బాక్సులు కావాలి. మధ్య స్వరాలు వేలాడదీసిన స్పీకర్లతో సులువుగా చేరతాయి.

ఇంకో కారణం లౌడ్‌నెస్ పోటీ. మన చెవికి అడుగు స్వరాలు మందం. మామూలు మాటల స్థాయిలో 40 హెర్ట్జ్ శబ్దం 1,000 హెర్ట్జ్ శబ్దమంత వినిపించాలంటే 30 డెసిబెల్‌లకు పైగా ఎక్కువ పెట్టాలి. అంటే ఫైల్లో ఉన్న చోటంతా సబ్ బేసే తినేస్తుంది. దాన్ని కోసి, ఆ చోటు మధ్య స్వరాలకు ఇచ్చి, లిమిటర్‌తో (శబ్ద శిఖరాలను అణిచే సాధనంతో) నొక్కితే ట్రాకు పక్కదానికంటే గట్టిగా వినిపిస్తుంది. ఒకరు చేశాక రెండోవారికి చేయక తప్పదు.

నిర్మాణం కూడా మారింది. మొదట్లో ట్రాకును డబ్‌ప్లేట్ అనే మెత్తటి పూత ఉన్న రికార్డు మీద చెక్కించుకుని వాయించేవారు. కొన్ని పదులసార్లు వేస్తే అరిగిపోయేది కాబట్టి ఊరికే వేసేవారు కాదు. రెండు రికార్డులు కలపడానికి వీలుగా 32 బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం) ప్రవేశం ఉండేది, 140 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) దగ్గర అది దాదాపు 55 సెకన్లు. ఆన్‌లైన్‌లో వినేవాడు 55 సెకన్లు ఆగడు. అందుకే గొంతు, ఊపు పెంచే స్నేర్ వరస, పదహారు బార్లలో, అంటే సుమారు 27 సెకన్లలో, డ్రాప్ (బేస్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు). అన్నిటికంటే ఎక్కువ నష్టం మాకు ఇక్కడే కనిపిస్తుంది. అరుపు వచ్చినందుకు బాధ లేదు. నిశ్శబ్దం పోయింది. పాత ట్రాకుల్లో రెండు దెబ్బల మధ్య ఖాళీయే సగం సంగీతం.

ప్రశ్న: టెంపో 140 అంటారు, వింటే 70లా ఉంటుంది. ఆ పాత పద్ధతి బీట్, బేస్ నేనే చేసుకోవాలంటే ఎలా? ఎంత చేసినా నా బేస్ బురదలా వస్తోంది. (వరంగల్)

జవాబు: రెండూ నిజమే. లెక్క 140, నడక 70. హై-హ్యాట్‌లు (తాళాలు) వేగంగా పరుగెడుతుంటే డ్రమ్ము చౌకకాలంలో నడుస్తుంది. నాలుగు దెబ్బల బార్‌లో కిక్ (పెద్ద డ్రమ్ము) మొదటి దెబ్బ మీద, స్నేర్ మూడో దెబ్బ మీద ఒక్కసారి. దీన్నే హాఫ్‌స్టెప్ అంటారు. బార్ పొడవు 1.71 సెకన్లు. హై-హ్యాట్‌లను గ్రిడ్ గీతల మీదే కచ్చితంగా పెట్టకండి. సరి స్థానాల్లో ఉన్నవాటిని 10 నుంచి 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేలా జరిపితే గరాజ్ ఊగు వస్తుంది.

బేస్‌ను రెండు ట్రాకులుగా విడదీయండి. బురదకు మూలం ఒకే సింథ్‌తో అడుగూ అరుపూ రెండూ చేయించడమే. అడుగు ట్రాకులో శుద్ధమైన సైన్ తరంగం (అనుస్వరాలు లేని నునుపైన శబ్దం), మోనో (రెండు వైపులా ఒకటే శబ్దం), ఎఫెక్టులేవీ వద్దు. స్వరం ఎఫ్ (43.7 హెర్ట్జ్) నుంచి జి (49 హెర్ట్జ్) మధ్య ఎంచుకోండి. డి (36.7) దాకా దిగితే చాలా బాక్సులు పలకవు. ఎ (55) దాటి పైకి పోయేకొద్దీ బరువు తగ్గుతుంది. స్వరం మొదలయ్యే చోట 5 నుంచి 10 మిల్లీసెకన్ల అటాక్ (శబ్దం మెల్లగా పైకెక్కే వ్యవధి) ఇవ్వకపోతే టక్కుమనే శబ్దం వస్తుంది. ఆసిలేటర్ ఫేజ్, అంటే తరంగం మొదలయ్యే స్థానం, ప్రతి స్వరానికీ సున్నా నుంచి మొదలయ్యేలా పెట్టండి, లేకుంటే ఒక దెబ్బ బలంగా, ఒకటి నీరసంగా వస్తుంది.

రెండో ట్రాకులో వాబుల్, అంటే ఊగే బేస్. గరుకైన సా తరంగం, దాని మీద లోపాస్ ఫిల్టర్ (పై స్వరాలను కోసేది), ఆ ఫిల్టర్‌ను ఊపే ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే తరంగం). 140 దగ్గర దెబ్బకు రెండు ఊపులంటే సెకనుకు 4.67, తిశ్రగతిలో మూడు ఊపులంటే 7, చతురశ్రంలో నాలుగంటే 9.33. మృదంగం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది: గతి మార్చుకుంటూ పోవడమే వాబుల్ కళ. ఒకే గతిలో ఎనిమిది బార్లు ఊపితే ఫ్యాన్ శబ్దమవుతుంది. ఈ ట్రాకుకు 100 హెర్ట్జ్ దగ్గర 24 డెసిబెల్ వాలు హైపాస్ (అడుగు స్వరాలను కోసే ఫిల్టర్) తప్పనిసరి. అది పెట్టకపోతే ఫిల్టర్ మూసుకున్నా తెరుచుకున్నా దాని అడుగు స్వరం మీ సైన్‌తో కలబడి, ఒకసారి పెరుగుతూ ఒకసారి తరుగుతూ ఉంటుంది. మీరు చెప్పిన బురద బహుశా ఇదే.

కిక్ ముఖ్య బలాన్ని 90-100 హెర్ట్జ్ దగ్గర ఉంచండి, సబ్ కింద ఉంటుంది కాబట్టి రెండూ తగువులాడవు. అయినా తగిలితే కిక్ పడినప్పుడు సబ్‌ను 3 డెసిబెల్‌లు తగ్గించే సైడ్‌చెయిన్ అమరిక పెట్టండి, మళ్లీ మామూలు స్థాయికి వచ్చే వ్యవధి (విడుదల) 60-80 మిల్లీసెకన్లు. మొత్తం మిక్స్ శిఖరం మైనస్ 6 డెసిబెల్‌లు దాటనివ్వకండి. చిన్న స్పీకర్లలో బేస్ ఉనికి తెలియాలంటే సైన్‌కు కాస్త శాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా గరుకుచేసే ఎఫెక్టు) కలపండి. 90, 135 హెర్ట్జ్ దగ్గర అనుస్వరాలు పుట్టి, లేని మూలస్వరాన్ని చెవి ఊహించుకుంటుంది. కాస్త అంటే కాస్తే. ఈ చిన్న సర్దుబాటు పెరిగి పెరిగి ఎక్కడికి చేరిందో పై జవాబులో చెప్పాం.

ప్రశ్న: మా కాలేజీ ఫంక్షన్‌కు అద్దెకు తెచ్చిన డీజే బాక్సుల్లో ఇలాంటి ట్రాకులు వేస్తే షామియానా కింద ఒకచోట గుండె అదిరింది, నాలుగడుగులు పక్కకు జరిగితే బేస్ లేనే లేదు. బాక్సులు చెడ్డవా? (రాజమహేంద్రవరం)

జవాబు: బాక్సులు మంచివే అయ్యుంటాయి, పెట్టిన చోటు తప్పు. సబ్‌లను, అంటే అడుగు బేస్ బాక్సులను, స్టేజీకి చెరోవైపు పెట్టడం అలవాటు. అప్పుడు ఒక బాక్సు కంటే రెండోది మీకు సగం తరంగం పొడవు దూరంగా ఉన్నచోట రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 50 హెర్ట్జ్‌కు ఆ తేడా 3.4 మీటర్లు. సబ్‌లన్నిటినీ స్టేజీ ముందు మధ్యలో ఆనించి పెట్టించండి. సమానంగా పరుచుకుంటుంది, బలమూ పెరుగుతుంది.

ఆనించి పెట్టాక కూడా బలం రాకపోతే ఒక బాక్సు వైరు ప్లస్ మైనస్ తిరగబడి ఉంటుంది. మార్చి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. సబ్‌కు వెళ్లేది 80-100 హెర్ట్జ్ కిందిదే కావాలి, పూర్తి పాట పంపితే గొంతు కూడా బోంమంటుంది. 30-35 హెర్ట్జ్ కింద కోత పెట్టించండి, లేకుంటే రంధ్రం ఉన్న బాక్సుల్లో కోన్ అదుపు తప్పి చిరుగుతుంది. దెబ్బ పడ్డప్పుడల్లా లైట్లు మసకబారుతుంటే జనరేటర్ చాలడం లేదని అర్థం.

చెవుల సంగతి మర్చిపోకండి. 85 డెసిబెల్‌ల దగ్గర ఎనిమిది గంటలు భద్రమనుకుంటే, ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. బాక్సుల ముందు నిలబడేవాళ్లకు ఇయర్‌ప్లగ్‌లు ఇవ్వండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న: పాత రకం పూర్తిగా చచ్చిపోయినట్టేనా? (విశాఖపట్నం)

జవాబు: లేదు. మాలా 2006లో మొదలుపెట్టిన డీప్ మెడీ లేబుల్ ఆ దారి వదల్లేదు. స్క్రీమ్ మాత్రం హౌస్, డిస్కో, టెక్నో వైపు వెళ్లాడు. ప్లాస్టిక్ పీపుల్ 2015 జనవరిలో మూతపడింది.

ప్రశ్న: తేడా నా చెవితో నేనే తెలుసుకోవాలంటే ఏవి వినాలి? (గుంటూరు)

జవాబు: మూడు చాలు. స్క్రీమ్ 2005లో చేసిన మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్, బరియల్ 2007 ఆల్బమ్ అన్‌ట్రూలోంచి ఏదైనా ఒకటి, స్క్రిల్లెక్స్ 2010 ఈపీలోని స్కేరీ మాన్‌స్టర్స్. ముందు మూడూ ఫోన్ స్పీకర్‌లో వినండి, తర్వాత వైరున్న మంచి హెడ్‌ఫోన్‌లో. మొదటిదానిలో ఫోన్‌లో లేని ఒక అంతస్తు మొత్తం హెడ్‌ఫోన్‌లో తెరుచుకుంటుంది. మూడోది రెండుచోట్లా దాదాపు నిండుగానే ఉంటుంది. ఒక జాగ్రత్త: కొత్త ట్రాకు చివరి తయారీలోనే (మాస్టరింగ్‌లో) గట్టిగా చేసి ఉంటుంది, గట్టిగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది. స్నేర్ దెబ్బ మూడింటిలోనూ ఒకే స్థాయిలో వినబడేదాకా వాల్యూమ్ సరిచేసుకుని, అప్పుడు పోల్చండి.