టెక్ సందేహాలు: ఇడ్లీ పిండికి సెన్సర్, అష్టాచమ్మాకి బోర్డు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు వంటింట్లోంచీ, హాల్లో పరిచిన చాప మీద నుంచీ వచ్చినవే. ఆర్డుయినో లాంటి, మనం రాసిన కోడ్ ప్రకారం నడిచే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డున్న కిట్ కొని, పుస్తకంలో ఉన్నట్టు ఎల్‌ఈడీ వెలిగించి, ఆ తర్వాత మా ఇంటికి పనికొచ్చేది ఏదైనా చేద్దామని కూర్చున్నవాళ్లు రాశారు. నాకు బాగా ఇష్టమైన ప్రశ్నలు ఇవే. అందుకే రెండు మూడింటికి జవాబులు పొడుగయ్యాయి.

"ఏడాది కిందట మా అబ్బాయికి ఆర్డుయినో కిట్ కొన్నాం. పరీక్షలని బాల్కనీ పక్క షెల్ఫులో పెట్టేశాం. ఇప్పుడు తీస్తే పిన్నుల మీద ఆకుపచ్చగా ఏదో పట్టి ఉంది. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు. బోర్డు పోయినట్టేనా?" (లాసన్స్ బే కాలనీ నుంచి ఒక తల్లి)

బోర్డు బాగానే ఉండొచ్చు. మీ ఇల్లు సముద్రానికి దగ్గర. గాలితో వచ్చే ఉప్పు లోహం మీద వాలి తేమను పట్టి ఉంచుతుంది. ఆ తడిలో రాగికి చిలుము పడుతుంది. మన అమ్మమ్మలు చింతపండుతో తోమిన రాగిబిందె మీద ఉండేది అదే. చిలుము కరెంటుని సరిగా పోనివ్వదు. అందుకే వైరు కాస్త కదిలితే పనిచేస్తుంది, మళ్లీ ఆగిపోతుంది.

ముందు బ్రెడ్‌బోర్డునీ జంపర్ వైర్లనీ అనుమానించండి. బ్రెడ్‌బోర్డంటే టంకం లేకుండా వైర్లు గుచ్చుకునే రంధ్రాల పలక, జంపర్లంటే దాంట్లో గుచ్చే చిన్న వైర్లు. బ్రెడ్‌బోర్డు రంధ్రాల్లో సన్నటి స్ప్రింగు క్లిప్పులుంటాయి. వాటికి చిలుము పడితే లోపలికి చెయ్యి పెట్టి శుభ్రం చెయ్యలేం. కొత్తది కొనెయ్యండి, పెద్ద ఖరీదేం కాదు. వైర్లని మాత్రం ఒక్కొక్కటిగా మల్టీమీటర్‌లో కంటిన్యుటీ (కరెంటు తెగకుండా పోతోందో లేదో చూసే సెట్టింగు) దగ్గర పెట్టి, అటూ ఇటూ కదుపుతూ చూడండి. బీప్ మధ్యలో తెగిందంటే ఆ వైరు పక్కన పెట్టాల్సిందే. బోర్డు పిన్నులకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఆ సమయంలో యూఎస్‌బీ కేబుల్, బ్యాటరీ ఏదీ తగిలించి ఉండకూడదు. బాగా ఆరాకే పవర్ ఇవ్వండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి, వానా సముద్రపు తుంపరా కలిసి నా బోర్డుల పెట్టె మీద కొట్టాయి. ఎలాగూ కరెంటు లేదు. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఒక్కో బోర్డూ కడిగి, ఆల్కహాల్ రాసి, ఫ్యాన్ తిరిగే రోజు వచ్చేదాకా నీడలోనే ఆరబెట్టాను. చాలావరకు బతికాయి. తుడిచేసి వదిలేసినవి మాత్రం కొన్ని నెలల్లోనే పోయాయి. నీళ్లు ఆరినా ఉప్పు ఆరదు, అక్కడే ఉండిపోతుంది.

ఇకనుంచి కిట్‌ని మూతకి రబ్బరు రింగున్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నీలం రంగు గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. పిల్లలు తిరిగే ఇంట్లో అవి వద్దు, నారింజ రంగువి తీసుకోండి.

"చలికాలంలో ఇడ్లీ పిండి పొంగడం లేదని థర్మకోల్ పెట్టెలో బల్బు, డీహెచ్‌టీ11 సెన్సర్, ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డు పెట్టాను. పెట్టెలో 32 డిగ్రీలు చూపిస్తోంది, పిండి మాత్రం తెల్లారినా అలాగే ఉంటోంది. గిన్నెకి అంటించిన, వేడి కొలిచే థర్మిస్టర్‌ని 25వ పిన్నుకి కలిపాను. వైఫై ఆన్ చేస్తే దాని రీడింగ్ రావడం లేదు. కోడ్‌లో తప్పేమిటి?" (మధురవాడ నుంచి ఒక పాఠకుడు)

వైఫై సంగతి ముందు చెబుతాను, అది సులువు. ఈఎస్‌పీ32లో అనలాగ్ రీడింగ్ తీసే (అంటే వోల్టేజిని అంకెగా మార్చే) భాగాలు రెండున్నాయి. రెండోదాన్ని, అంటే ఏడీసీ2ని, వైఫై నడుస్తున్నప్పుడు మనం వాడుకోలేం. 25వ పిన్ను దాని కిందికే వస్తుంది. థర్మిస్టర్‌ని 32 నుంచి 39 లోపు పిన్నుల్లో, ఉదాహరణకు 34కి, మార్చండి. మీ కోడ్‌లో పిన్ను నంబరు తప్ప ఏమీ మార్చక్కర్లేదు.

ఇక పిండి. మీరు కొలిచింది పెట్టెలోని గాలిని. గాలి నిమిషాల్లో వేడెక్కుతుంది. ఫ్రిజ్ నీళ్లతో రుబ్బిన రెండు కిలోల పిండి వేడెక్కడానికి గంటలు పడుతుంది. గాలి 32కి చేరగానే మీ బోర్డు బల్బు ఆర్పేస్తుంది, గిన్నె నడిమధ్యలో పిండి చల్లగానే ఉండిపోతుంది. పైగా డీహెచ్‌టీ11 రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపించే సెన్సర్. పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియాకి కావాల్సింది పిండి లోపల 28 నుంచి 32 డిగ్రీలు. అంతకన్నా బాగా వేడెక్కితే పిండి సరిగా పొంగకుండానే పులుస్తుంది.

అందుకని డీఎస్18బీ20 అనే, స్టీలు గొట్టంలో వచ్చే సెన్సర్ కొనండి. దాని డేటా వైరుకీ 3.3 వోల్టుల వైరుకీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. గొట్టాన్ని పిండిలో ముంచొద్దు, అది తినే పదార్థాల్లో పెట్టడానికి చేసిన స్టీలో కాదో తెలియని సరుకు మార్కెట్లో చాలా ఉంది. గిన్నె బయటి గోడకి, పిండి ఉన్న ఎత్తులో టేపుతో అంటించి, పైన మందపాటి గుడ్డ చుట్టండి. రుబ్బేటప్పుడు గోరువెచ్చని నీళ్లు వాడితే సగం పని అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి రెండుసార్లు చదవండి. డీఎస్18బీ20 వైరు ఊడిపోతే అందరూ వాడే లైబ్రరీ (సెన్సర్‌ని చదవడానికి ముందే రాసి ఉంచిన కోడ్) మైనస్ 127 అని చెబుతుంది. "28 కన్నా తక్కువైతే హీటర్ వెయ్యి" అని మాత్రమే రాసిన కోడ్‌కి మైనస్ 127 అంటే భయంకరమైన చలి. హీటర్ తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది, అదీ థర్మకోల్ పెట్టెలో. పవర్ ఇచ్చిన వెంటనే ఇదే సెన్సర్ 85 అని కూడా చూపిస్తుంది, అదీ నిజం కాదు. కాబట్టి రీడింగ్ 5 కన్నా తక్కువ ఉన్నా, 50 కన్నా ఎక్కువ ఉన్నా హీటర్ ఆపేసి బజర్ మోగించే షరతు అన్నిటికన్నా ముందు రాయండి. దాంతోపాటు 70 డిగ్రీల ప్రాంతంలో తెగిపోయే థర్మల్ ఫ్యూజ్‌ని హీటర్ వైరులో వరసగా కలపండి. కోడ్ నిద్రపోయినా అది తన పని చేస్తుంది.

బల్బు తీసెయ్యమనే నా సలహా. పిండి, నీళ్లు, తడిచేతులు ఉన్నచోట రిలే (బోర్డు నడిపే స్విచ్) మీద 230 వోల్టులు ఆడించడం నాకు ఇష్టం లేదు. 12 వోల్టుల హీటింగ్ ప్యాడ్, దానికి సరిపడే అడాప్టర్, మధ్యలో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ మాడ్యూల్ చాలు. థర్మకోల్‌కి ప్యాడ్ నేరుగా తగలకుండా కింద ఒక స్టీలు పళ్లెం పెట్టండి. ఫిబ్రవరి దాటాక విశాఖలో ఈ పెట్టెతో పనుండదు. కానీ అదే పెట్టె పెరుగు తోడుపెట్టడానికి 40 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తుంది.

"గారెల నూనె, వంజరం వేపుడు నూనె వేడి చూడ్డానికి అదే డీఎస్18బీ20 వాడొచ్చా?" (పెదవాల్తేరు నుంచి ఒక గృహిణి)

వద్దండీ. దాని పరిధి 125 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. గారెలకి నూనె 170, 180 దాకా వెళ్తుంది. లోపలి చిప్ సంగతి అలా ఉంచితే, వైరు మీది ప్లాస్టిక్కే ముందు కరిగి నూనెలో కలుస్తుంది. కె రకం థర్మోకపుల్ (రెండు లోహాల వైర్లతో ఎక్కువ వేడిని కొలిచే సెన్సర్), దాని రీడింగ్‌ని బోర్డుకి అందించే మ్యాక్స్6675 మాడ్యూల్ తీసుకోండి. వంటకి పనికొచ్చే స్టీలు గొట్టమని రాసి ఉన్నదే ఎంచుకోండి. వేడి చేస్తుంటే అంకె తగ్గుతోందంటే రెండు వైర్లూ తారుమారయ్యాయన్నమాట. సరిగ్గా చూపిస్తోందో లేదో తెలుసుకోవడానికి మరిగే నీళ్లలో పెట్టండి. మనం సముద్రమట్టానికి దగ్గర్లో ఉన్నాం కాబట్టి 100 రావాలి. ఇదే పరీక్ష అరకులో చేస్తే దాదాపు 97 వస్తుంది, అప్పుడు సెన్సర్‌ని తప్పుపట్టకండి.

"వంటింటి టైమర్ చేశాను. 300 ఎంఏహెచ్ చిన్న బ్యాటరీ, టీపీ4056 చార్జింగ్ బోర్డు. చార్జింగ్‌లో బ్యాటరీ వేడెక్కుతోంది. మామూలేనా?" (అక్కయ్యపాలెం)

మామూలు కాదు, వెంటనే ఆపండి. ఆ బోర్డు దుకాణం నుంచి వచ్చేటప్పుడు ఒక ఆంపియర్ ఇచ్చేలా ఉంటుంది. మీ బ్యాటరీకి అది మూడు రెట్లకు పైనే. బోర్డు మీద 1.2 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్ ఉంటుంది. దాన్ని తీసి 10 కిలో ఓమ్‌లది వేస్తే చార్జింగ్ 130 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. ఇప్పటికే ఏమాత్రం ఉబ్బినా ఆ బ్యాటరీని మళ్లీ వాడకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వెయ్యకండి. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేదాకా ఇసుక పోసిన డబ్బాలో, ఇంటి బయట ఉంచండి.

"రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్‌తో పాత గేములు ఆడే పెట్టె చేసుకున్నాం. తమ్ముడు రెండో కంట్రోలర్ పెట్టగానే స్క్రీన్ ఆగిపోతోంది. రెండుసార్లు మెమరీ కార్డు కూడా పాడైంది. కార్డు మార్చాలా, సాఫ్ట్‌వేర్ మార్చాలా?" (కంచరపాలెం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

రెండూ కాదు, చార్జర్ మార్చు. స్క్రీన్ మూల పసుపుపచ్చ మెరుపు గుర్తు కనిపిస్తోందా? బోర్డుకి అందే వోల్టేజి 4.63 కన్నా పడిపోయినప్పుడు అది వస్తుంది. ఫోన్ చార్జర్, సన్నటి కేబుల్ కలిస్తే ఇలాగే అవుతుంది. రెండో కంట్రోలర్ అడిగే కొద్దిపాటి కరెంటుకే వోల్టేజి కుంగిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. కార్డు పాడవడానికి కారణం, అది రాస్తుండగా పవర్ పోవడం. ఆట అయ్యాక స్విచ్ నొక్కకుండా మెనూలోంచి షట్‌డౌన్ చెయ్యండి. వేసవిలో కరెంటు కోతలు ఉంటే ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మేలు. అన్నీ సరిగ్గా ఉన్న రోజున కార్డుకి ఒక కాపీ తీసి లాప్‌టాప్‌లో దాచుకోండి.

"నేను ఎనిమిదో తరగతి. ఆర్డుయినో ఊనోతో అష్టాచమ్మా గవ్వల మెషీన్ చేశాను. బటన్ నొక్కితే 1, 2, 3, 4, 8లో ఒక ఎల్‌ఈడీ వెలుగుతుంది. రెండు కష్టాలు. ఆన్ చేసిన ప్రతిసారీ అవే అంకెలు అదే వరసలో వస్తున్నాయి. ఇంకోటి, మా అమ్మమ్మ 'ఇది గవ్వల ఆట కాదు, ఇన్ని అష్టలు ఎక్కడైనా పడతాయా' అని ఆడనంటోంది." (గాజువాక నుంచి ఒక విద్యార్థిని)

మీ అమ్మమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం తల్లీ. ఈ వారం వచ్చిన వాటిలో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇది.

మొదటి కష్టం. ఊనో దగ్గర నిజమైన అదృష్టం ఉండదు. ఒక అంకె నుంచి లెక్క కట్టి తర్వాతి అంకె తెస్తుంది. మొదలు ఒకటే అయితే వరసా ఒకటే. ఖాళీగా ఉన్న అనలాగ్ పిన్ను చదివి, ఆ మొదటి అంకెని (సీడ్‌ని) నిర్ణయించే ర్యాండమ్‌సీడ్‌కి ఇవ్వమని చాలాచోట్ల చెబుతారు. అది ఎక్కువగా కొన్ని అంకెల మధ్యే తిరుగుతుంది. నీకు అంతకన్నా మంచి ఉపాయం ఉంది: మొదటిసారి బటన్ నొక్కిన క్షణాన మైక్రోస్ (ఆన్ చేసినప్పటి నుంచి గడిచిన మైక్రోసెకన్ల లెక్క) విలువ తీసుకుని దాన్ని సీడ్‌గా ఇవ్వు. ఊనోలో ఆ గడియారం 4 మైక్రోసెకన్లకోసారి మారుతుంది. మనిషి వేలు రెండుసార్లు సరిగ్గా అదే క్షణంలో పడదు.

రెండోది. నువ్వు ఐదు అంకెలకూ సమానంగా అవకాశం ఇచ్చావు. అంటే 100 సార్లు నొక్కితే అష్టో (8) చమ్మో (4) దాదాపు 40 సార్లు పడుతుంది. నాలుగు గవ్వలు వేస్తే ఏమవుతుందో కాగితం మీద రాసి చూడు. ఒక్కో గవ్వ వెల్లకిలా అయినా పడాలి, బోర్లా అయినా పడాలి. మొత్తం 16 రకాలు. అందులో ఒకటే వెల్లకిలా పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4. నాలుగూ వెల్లకిలా పడి చమ్మ అయ్యేది ఒక్కటి, నాలుగూ బోర్లా పడి అష్ట అయ్యేది ఒక్కటి. 16లో 2 అంటే 100కి పన్నెండో పదమూడో. మీ అమ్మమ్మగారి చేతికి ఈ లెక్క ఎన్నో ఏళ్లుగా తెలుసు.

కాబట్టి అంకెను ఎంచే పని మానేసి గవ్వలనే వేయించు. 0 గానీ 1 గానీ ఇచ్చే ర్యాండమ్(2)ని నాలుగుసార్లు పిలిచి, వచ్చినవి కూడు. మొత్తం సున్నా అయితే 8 వెలిగించు, లేకపోతే వచ్చిన అంకె వెలిగించు. కోడ్ నాలుగైదు లైన్లే. ఒక్కో ఎల్‌ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ ఉందో లేదో కూడా చూసుకో, లేకపోతే పిన్ను మీద భారం పడుతుంది.

ఇంకా ఒక పని మిగిలింది. అసలు గవ్వ నాణెం లాంటిది కాదు. ఒకవైపు ఉబ్బెత్తు, ఒకవైపు చీలిక. రెండు వైపులా సమానంగా పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకవేళ 100కి 60 సార్లు వెల్లకిలా పడే గవ్వలైతే చమ్మ 100కి 13 సార్లు, అష్ట రెండు మూడు సార్లు మాత్రమే పడతాయి. ఆట మొత్తం మారిపోతుంది. అందుకని మీ ఇంట్లో గవ్వలతో అమ్మమ్మని 50 సార్లు వెయ్యమను. నాలుగు గవ్వలు కాబట్టి 200 పడ్డట్టు. ప్రతిసారీ వెల్లకిలా పడినవెన్నో నోటుబుక్కులో గీతలు పెట్టు. ఆ మొత్తాన్ని 200తో భాగించి 100తో గుణిస్తే నూటికి ఎన్నో వస్తుంది. అది 57 అనుకో, అప్పుడు 0 నుంచి 99 దాకా ఏదో ఒక అంకె ఇచ్చే ర్యాండమ్(100) 57 కన్నా తక్కువైతే ఆ గవ్వ వెల్లకిలా పడినట్టు రాయి. నీ మెషీన్ మీ అమ్మమ్మ గవ్వల్లాగే ఆడుతుంది.

లెక్క పూర్తయ్యాక ఆ అంకె నాకు రాసి పంపు. వచ్చే వారం ఇక్కడే వేస్తాను.